తప్పిపోయిన మేనకోడలి కేసు మూసేస్తామంటున్నారు, ఇప్పుడు మేం ఏం చేయవచ్చు?

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లె. మా అక్క కూతురు 2021 డిసెంబరు రెండో వారంలో కాలేజీకని బయలుదేరి ఇంటికి తిరిగి రాలేదు. అప్పటికి పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. మర్నాడే ఫిర్యాదు ఇచ్చాం. ఫోను చివరి సిగ్నల్ చీపురుపల్లి దగ్గర అన్నారు. ఒక కుర్రాడిని పిలిచి అడిగి వదిలేశారు. జిల్లాలు మారాక ఫైలు ఎక్కడుందో చెప్పేవారే లేరు. గత నెల కానిస్టేబుల్ వచ్చి, కేసు మూసేస్తున్నట్టు ఒక కాగితం మీద అక్క సంతకం అడిగాడు. పెట్టాలా, వద్దా? ఆ కుర్రాడికి నార్కో పరీక్ష చేయించమని, కేసు సీబీఐకి ఇమ్మని అడగవచ్చా?

సమాధానం:

సంతకం పెట్టమనండి, కానీ కాగితం పూర్తిగా చదివాక. మీరు చెప్పినదాన్ని బట్టి అది రిఫర్ నోటీసు. ఆచూకీ దొరకలేదు కాబట్టి దర్యాప్తు ముగించి కోర్టుకు తుది నివేదిక పంపుతున్నామని ఫిర్యాదికి తెలియజేసే కాగితం అన్నమాట. తీసుకోకుండా తిప్పి పంపితే ‘ఫిర్యాది నిరాకరించారు’ అని రాసుకుని వెళ్లిపోతారు, మీ చేతిలో ఏమీ మిగలదు. మీ అక్కగారు దాని మీద ‘నోటీసు అందింది, కేసు మూసివేతకు నాకు అభ్యంతరం ఉంది’ అని సొంత దస్తూరీతో రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. ఒక ప్రతి అడిగి తీసుకోవాలి. ఖాళీ కాగితం మీద, లేదా ‘మా అమ్మాయి ఇష్టపూర్వకంగా వెళ్లిపోయింది, మాకు ఎవరి మీదా అనుమానం లేదు’ అన్న వాక్యం ఉన్న కాగితం మీద మాత్రం చచ్చినా పెట్టవద్దు.

నేను పోలీసు శాఖలో రిటైరయ్యేదాకా ఎక్కువ కాలం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే పనిచేశాను. అమ్మాయి కనబడడం లేదని ఎవరైనా స్టేషను మెట్లెక్కితే రైటర్ నుంచి ఎస్సై దాకా మొదట అడిగే మాట ఒకటే: ఎవరితోనైనా మాట్లాడుతుండేదా? అడగడంలో తప్పు లేదు. చాలా కేసుల్లో జవాబు అక్కడే దొరుకుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ ప్రశ్నకు సగం జవాబు దొరికినా మిగతా ప్రశ్నలు అడగడం మానేస్తారు. మీ విషయంలో జరిగింది అదే అనిపిస్తోంది. కుర్రాడు ఒకడున్నాడు కాబట్టి తనంతట తానే వెళ్లిపోయిందనుకున్నారు. అతను ఊళ్లోనే ఉన్నాడని తేలాక కూడా ఆ అభిప్రాయం మారలేదు. ఎవరితో వెళ్లిందన్న ప్రశ్న కూలిపోయిన రోజున, అసలు తాను వెళ్లిందా, ఎవరైనా తీసుకెళ్లారా అన్న ప్రశ్న మొదలు కావాలి. అది మొదలైనట్టు మీరు చెప్పినదాంట్లో ఎక్కడా లేదు.

చట్టం మాత్రం పోలీసులకు అలా అనుకునే వెసులుబాటు ఇవ్వలేదు. బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో 2013 మే 10న సుప్రీంకోర్టు, పిల్లలు తప్పిపోయారని వచ్చిన ప్రతి ఫిర్యాదునూ ఎఫ్ఐఆర్‌గా నమోదు చేయాలని, అది కిడ్నాప్ గానీ అక్రమ రవాణా గానీ అయివుండవచ్చన్న భావనతోనే దర్యాప్తు మొదలుపెట్టాలని ఆదేశించింది. పద్దెనిమిదేళ్లు నిండని ఆడపిల్లను సంరక్షకుల అనుమతి లేకుండా తీసుకెళ్లడం, మీ కేసు నాటికి అమల్లో ఉన్న ఐపీసీ 363 కింద నేరం. అమ్మాయి ఒప్పుకుందా లేదా అన్నది లెక్కలోకి రాదు. ఆమె తనంతట తానే ఇల్లు విడిచి వస్తే దాన్ని తీసుకెళ్లడం అనలేమని 1960లలోనే వరదరాజన్ కేసులో సుప్రీంకోర్టు అన్న మాట నిజమే, ఏదో ఒక రోజు ఎవరో ఒకరు మీకు ఆ తీర్పు వినిపిస్తారు. అది విచారణలో నిందితుడి తరఫు లాయరు చెప్పుకోవాల్సిన వాదన. నిందితుడు ఎవరో తెలియకముందే పోలీసులు అతని తరఫున ఆ వాదన చేయకూడదు.

ఇప్పుడు జిల్లా సంగతి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు రాజాం, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి, వంగర మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరానికి మారాయి. పాలకొండ వైపు మండలాలు పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. మీ పల్లె ఆ నాలుగు మండలాల్లోదే కాబట్టి మీ ఎఫ్ఐఆర్ పుట్టింది ఒక ఎస్పీ కింద, పెరిగింది మరో ఎస్పీ కింద. ఇక్కడ ఒక తేదీ చూడండి. 2016 నాటి జువెనైల్ జస్టిస్ నమూనా నియమాల్లో 92వ నియమం ప్రకారం, ఎఫ్ఐఆర్ నమోదైన నాలుగు నెలల్లో బిడ్డ దొరక్కపోతే కేసును మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి పంపాలి. వాళ్లు మూడు నెలలకోసారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పురోగతి నివేదిక ఇవ్వాలి. మీకు ఆ నాలుగు నెలలు నిండింది 2022 ఏప్రిల్ రెండో వారంలో. జిల్లాలు విడిపోయి, బీరువాలు లారీలెక్కి, ఏ స్టేషను ఎవరి కిందో ఆఫీసుల్లోనే స్పష్టత లేని రోజులవి. మీ ఫైలు ఆ విభాగానికి వెళ్లే ఉంటుందని నేను పందెం కాయను.

కాబట్టి మీ మొదటి పని ఆ ఒక్క విషయం రాతపూర్వకంగా రాబట్టడం. సోమవారం విజయనగరం ఎస్పీ కార్యాలయంలో జరిగే గ్రీవెన్సులో మీ అక్కగారి పేరుతో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అర్జీ పొడుగ్గా, కన్నీళ్లతో నింపి రాయవద్దు. క్రైం నెంబరు, తేదీ, సెక్షను, తర్వాత మూడే ప్రశ్నలు: కేసు అక్రమ రవాణా నిరోధక విభాగానికి ఏ తేదీన బదిలీ అయింది, తప్పిపోయిన పిల్లల జాతీయ పోర్టల్‌లో వివరాలు ఏ తేదీన ఎక్కించారు, ప్రస్తుత దర్యాప్తు అధికారి ఎవరు. ఇవే ప్రశ్నలతో సమాచార హక్కు దరఖాస్తు కూడా శ్రీకాకుళానికి ఒకటి, విజయనగరానికి ఒకటి పెట్టండి. దర్యాప్తులో ఉంది కాబట్టి చెప్పలేమని సమాచార హక్కు చట్టంలోని 8(1)(హెచ్) సెక్షను చూపిస్తారు. బదిలీ తేదీ చెబితే దర్యాప్తుకు వచ్చే ఆటంకం ఏమిటో వివరించాల్సిన బాధ్యత వాళ్లదే, అప్పీలులో ఆ మాటే రాయండి.

రెండో పని కోర్టులో. పోలీసు జిల్లా మారింది కదా అని కోర్టు కూడా మారిందనుకోకండి. ఎఫ్ఐఆర్ ఏ మేజిస్ట్రేటుకు వెళ్లిందో ఎఫ్ఐఆర్ ప్రతి మీదే ఉంటుంది. తుది నివేదిక చేరేదీ అక్కడికే. దాన్ని ఆమోదించే ముందు ఫిర్యాదికి నోటీసిచ్చి వినాలని భగవంత్ సింగ్ కేసులో 1985లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఆ దశలో ప్రొటెస్ట్ పిటిషన్, అంటే కేసు మూసివేతకు అభ్యంతరం చెప్పే పిటిషన్ వేసి, మరింత దర్యాప్తుకు ఆదేశించమని కోరవచ్చు. వేయాల్సింది మీరు కాదు, ఫిర్యాది అయిన మీ అక్కగారు. లాయరు ఫీజు గురించి వెనకాడకండి. న్యాయ సేవాధికార చట్టం 12వ సెక్షను కింద మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవా కమిటీ ఉంటుంది, లేదంటే 15100కు ఫోను చేయండి.

పిటిషన్‌లో ‘సరిగా దర్యాప్తు చేయలేదు’ అని రాస్తే మేజిస్ట్రేటు ఏమీ చేయలేరు. ఏది చేయలేదో చెప్పాలి. మీ కేసులో నాకు కనిపిస్తున్నవి ఇవి.

కాల్ రికార్డులను కంపెనీలు దాచి ఉంచాల్సిన గడువును 2021 డిసెంబరులోనే ఏడాది నుంచి రెండేళ్లకు పెంచారు. మీ కేసుకు ఆ రెండేళ్లూ 2023 చివరితో అయిపోయాయి. ఇప్పుడు కొత్తగా తెప్పించే ఆశ పెట్టుకోకండి. అప్పట్లో తెప్పించినవి కేసు డైరీలో ఉండాలి. ఎవరి నెంబర్లకు తెప్పించారన్నదే అసలు ప్రశ్న. అమ్మాయి నెంబరుకు, కుర్రాడి నెంబరుకు తెప్పించి ఉంటారు. ఆ నెల రోజుల్లో ఆమెకు ఎక్కువగా ఫోను చేసిన మిగతా నెంబర్ల సంగతి? ఆ పేర్లు రాసి, ఒక్కొక్కరినీ ఎప్పుడు విచారించారో అడగండి. ఫోను పెట్టె గానీ బిల్లు గానీ ఇంట్లో ఉంటే దాని మీది ఐఎంఈఐ నెంబరు (ఒక్కో హ్యాండ్‌సెట్‌కు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) దర్యాప్తు అధికారికి ఇవ్వండి. పోయిన ఫోన్లను వెతికే సీఈఐఆర్ వ్యవస్థ 2023లో దేశమంతటా వచ్చింది, మీ కేసు నమోదయ్యే నాటికి ఇక్కడ లేదు. ఆ హ్యాండ్‌సెట్ తర్వాత ఏ సిమ్ముతో బతికిందో తెలిస్తే కేసు మొత్తం తిరగబడవచ్చు. ఆ పని పోలీసుల ద్వారానే జరగాలి, మీరే పోర్టల్లోకి వెళ్లి బ్లాక్ చేయవద్దు.

చీపురుపల్లి సిగ్నల్ గురించి ఒక మాట. టవర్ చెప్పేది ఫోను ఎక్కడుందో, మనిషి ఎక్కడుందో కాదు. పల్లెల్లో ఒక్కో టవర్ కిందకు కొన్ని కిలోమీటర్ల మేర ఊళ్లు వస్తాయి. చీపురుపల్లి అనగానే అందరికీ రైల్వే స్టేషనే గుర్తొస్తుంది, హౌరా–చెన్నై లైను కాబట్టి ఏ మద్రాసో, కలకత్తానో వెళ్లిపోయి ఉంటుందని నిట్టూరుస్తారు. సరే, రైలెక్కిందనే అనుకుందాం. 2021 డిసెంబరులో కొవిడ్ నిబంధనల వల్ల చాలా ఎక్స్‌ప్రెస్‌లలో జనరల్ బోగీకి కూడా రిజర్వేషన్ ఉండాలి. అన్‌రిజర్వుడు బోగీలను మునుపటిలా తిరిగి పెట్టమని రైల్వే బోర్డు చెప్పింది 2022 ఫిబ్రవరి ఆఖరులో. అంటే ఆ రోజు అక్కడ ఆగిన ఎక్స్‌ప్రెస్‌లకు పేర్లతో, ఫోను నెంబర్లతో చార్టులున్నాయి. వాటిని అప్పట్లో తీసుకున్నారా? కేసు డైరీలో దీనికి జవాబు లేకపోతే ‘రైలెక్కి వెళ్లిపోయింది’ అన్నది ఊహ మాత్రమే. సీసీటీవీ గురించి ఆశ వద్దు. కొన్ని వారాల్లో చెరిగిపోతుంది, పైగా ఆ రోజుల్లో అందరి ముఖాలకూ మాస్కులే.

రాజాం నుంచి వెళ్లే దారి అదొక్కటే కూడా కాదు. చిలకపాలెం వైపు వెళ్తే జాతీయ రహదారి తగులుతుంది, అక్కడి నుంచి రాత్రి బస్సులు హైదరాబాదుకు, బెంగళూరుకు. బొబ్బిలి వెళ్తే రాయగడ లైను, అంటే ఒడిశా. పాలకొండ దాటితే మన్యం. మీ ప్రాంతం వలసల ప్రాంతమని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ డిసెంబరు నెలలో చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏ మేస్త్రీ ఏ ఊరికి మనుషుల్ని తీసుకెళ్లాడు? సంక్రాంతికి ముందు ఇంటికి వచ్చేవాళ్లే గానీ వెళ్లేవాళ్లు తక్కువ, కాబట్టి వెళ్లిన బృందాలు ఊళ్లో ఎవరికో ఒకరికి గుర్తుంటాయి. పని ఇప్పిస్తామని, పెళ్లి సంబంధమని అమ్మాయిలతో మాట కలిపిన ఆడవాళ్లు ఎవరైనా ఆ మధ్య ఊళ్లోకి వచ్చి వెళ్లారా? ఇది పోలీసుల కంటే మీ ఇంటి ఆడవాళ్లు బాగా కనుక్కోగలరు. కాలేజీ స్నేహితురాళ్లను కూడా మళ్లీ అడగండి. పదహారేళ్లప్పుడు ఎస్సై ముందు నోరు విప్పని పిల్లలు ఇప్పుడు ఇరవైల్లో ఉన్నారు, కొందరికి పెళ్లిళ్లయ్యాయి. అప్పటి భయం ఇప్పుడు ఉండదు. ఇలాంటి పాత కేసుల్లో తాళం తీసేది ఎక్కువగా వాళ్లే.

కుర్రాడికి నార్కో పరీక్ష అంటున్నారు. అతను ఒప్పుకోకుండా చేయడానికి వీల్లేదని సెల్వి కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పుకుని చేసినా అందులో అతను అన్న మాటలు సాక్ష్యంగా నిలవవు. దాని మీద సమయం పోగొట్టుకోకండి. అతని ఇంటి మీదికి వెళ్లడం, ఊళ్లో పేరు చెప్పి పోస్టులు పెట్టడం అసలే వద్దు. అతను నిర్దోషి అయితే ఒక కుటుంబాన్ని అన్యాయం చేసినవారవుతారు, దోషి అయితే రేపు కోర్టులో వాడుకోవడానికి అతని లాయరుకు మంచి ఆయుధం ఇచ్చినవారవుతారు.

ఇప్పుడు చాలామంది గమనించని సంగతి. మీ మేనకోడలు ఈపాటికి మేజరు. పిల్లల పోర్టల్‌లో, బాలికల హోముల్లో మాత్రమే వెతికితే లాభం లేదు. పద్దెనిమిది దాటినవారు ఉండేవి మహిళల వసతి కేంద్రాలు, ఒకప్పటి స్వధార్, ఉజ్వల హోములు, ఇప్పుడు వాటిని శక్తి సదన్ అంటున్నారు. పెద్దవారి మిస్సింగ్ జాబితాలో కూడా ఆమె పేరు చేరిందో లేదో అడగండి. ‘ఇప్పుడు మేజరు కదా, ఇంకేం కేసు’ అని ఎవరైనా అంటే, నేరం జరిగిన నాటి వయసే లెక్క అని చెప్పండి. పదో తరగతి సర్టిఫికెట్ జాగ్రత్త. వయసుకు చట్టం మొదట చూసేది దాన్నే, పుట్టుమచ్చల వివరాలు కూడా అందులో ఉంటాయి. ఫొటో ఇచ్చేటప్పుడు స్టూడియోలో తీయించింది, ఫోన్లో మెరుగులు దిద్దింది వద్దు. ఇంట్లో మామూలుగా, తల నూనెతో దువ్వుకుని ఉన్నది ఇవ్వండి.

రాయడానికి కష్టంగా ఉన్నా తప్పని మాట ఒకటి ఉంది. 2021 డిసెంబరు నుంచి కొన్ని నెలల పాటు గుర్తు తెలియని యువతుల మృతదేహాల వివరాలు కూడా చూడాలి. పట్టాల పక్కన, స్టేషను ఆవరణలో దొరికితే అది రైల్వే పోలీసుల కేసు, మీ స్టేషను పుస్తకాల్లోకి దానంతట అది రాదు. నాగావళిలోనో, మడ్డువలస జలాశయంలోనో అయితే మరో స్టేషను. సరిహద్దు దాటితే ఒడిశా, భాష కూడా వేరు. ఈ మూడింటినీ కలిపి చూసిన అధికారి ఉన్నాడా అన్నది పిటిషన్‌లో తప్పక అడగాల్సిన ప్రశ్న. తల్లి రక్త నమూనా ఇచ్చి డీఎన్ఏ వివరాలు సిద్ధం చేయించమని కోరండి, విశాఖపట్నంలో ప్రాంతీయ ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉంది. కుటుంబాలు ఈ మాట అపశకునంగా భావిస్తాయి. అర్థం చేసుకోగలను. కానీ పోలికలేవీ కలవలేదని కాగితం మీద తేలితే, బతికి ఉందన్న ఆశతో వెతికే వెతుకులాటకు అదే బలం.

అక్కగారి ఫోను నెంబరు ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చవద్దు, రీచార్జి ఆపవద్దు. వాడకుండా వదిలేస్తే నెంబరు రద్దయి మరొకరికి వెళ్లిపోతుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ పిల్లకు నోటికి వచ్చే నెంబరు బహుశా అదొక్కటే. పోస్టర్లలో మాత్రం ఆ నెంబరు వేయకండి, వేరే నెంబరు వేయండి. డబ్బు పంపితే చూపిస్తామనే ఫోన్లు తప్పక వస్తాయి. అందుకే అమ్మాయికి, ఇంటివాళ్లకు తప్ప ఎవరికీ తెలియని విషయం ఒకటి బయటపెట్టకుండా దాచుకోండి, చిన్నప్పటి ముద్దుపేరో, ఇంట్లో ఆవు పేరో. దానికి జవాబు చెప్పలేనివాడికి రూపాయి పంపవద్దు, ఆ నెంబరు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఇవ్వండి. అంజనం వేయించడానికి మీ అక్కగారు వెళ్తానంటే నేను ఆపమనను, తల్లి ప్రాణం. అంజనంలో ‘పడమర దిక్కున నీళ్ల దగ్గర’ అంటారు. మన జిల్లాల్లో ఏ దిక్కున నీళ్లు లేవు చెప్పండి. దానికి పెట్టే డబ్బు మీద మాత్రం ఒక కన్ను వేసి ఉంచండి.

సీబీఐ దర్యాప్తు కావాలంటే హైకోర్టుకు వెళ్లాలి. అసాధారణ సందర్భాల్లో తప్ప ఇవ్వకూడదని సుప్రీంకోర్టే చెప్పింది కాబట్టి, ఈ రోజు వెళ్తే కొట్టేస్తారు. పైన చెప్పిన అర్జీల రసీదులు, సమాచార హక్కు జవాబులు, మేజిస్ట్రేటు ఉత్తర్వు చేతిలో పెట్టుకుని, అయినా కదలిక లేదని చూపిస్తూ వెళ్తే వినే అవకాశం ఉంటుంది. ఆ లోపు హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్ వేయమని కొందరు లాయర్లు అంటారు. ఎవరో నిర్బంధించారని చూపించలేనప్పుడు అది ఎక్కువ దూరం పోదు గానీ, వేసినందుకు పోలీసులు కోర్టుకు స్థితి నివేదిక ఇవ్వాల్సి వస్తుంది. నిద్రపోయే ఫైలుకు ఆ మాత్రం అలికిడీ మంచిదే.

ఇంకొకటి, ఇప్పటినుంచే ఇంట్లో మాట్లాడుకోండి. అమ్మాయి దొరికితే మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇస్తుంది. ఇంటికి రానంటే ఎవరూ బలవంతం చేయలేరు. బిడ్డతో ఉండవచ్చు, చెప్పుకోలేనిదేదో జరిగి ఉండవచ్చు. దొరికిన గంటలోనే పోస్టర్లు, ఫేస్‌బుక్ ఫొటోలు అన్నీ తీసేయాలి. అప్పటిదాకా ఊరంతా చూడాల్సిన ముఖం, ఆ తర్వాత ఎవరూ గుర్తుపట్టకూడనిది. లైంగిక నేరం బయటపడితే ఆమె గుర్తింపు వెల్లడించడమే శిక్షార్హం.

ఎఫ్ఐఆర్ ప్రతి చేతికి వచ్చాక సెక్షను దగ్గర ఏముందో నాకు రాయండి. 2013 తీర్పు వచ్చి ఎనిమిదేళ్లయినా ఆ గడిలో సెక్షను లేకుండా ‘గర్ల్ మిస్సింగ్’ అని మాత్రమే రాసిన ఎఫ్ఐఆర్‌లు ఉండేవి. మీదీ అలాంటిదే అయితే 363 చేర్చమన్న విన్నపమే పిటిషన్‌లో మొదటి పేరా కావాలి, మిగతావన్నీ దాని తర్వాతే.